పాఠం ముందే వచ్చేసిన పిల్లలకు ఏం చెప్పాలి? ఏడో తరగతి లెక్కల్లో నా అనుభవం

శాతాల పాఠం మొదలుపెట్టిన రోజే "సార్, ఇది నాకొచ్చు" అనే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లతో మనం మామూలుగా చేసేది రెండే పనులు. "వస్తే ఇంకో పది చెయ్యి" అంటాం, లేదంటే "పక్కోడికి చెప్పు" అంటాం. రెండింటితోనూ ఆ పిల్లలకు కొత్తగా వచ్చేదేమీ లేదు. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, 46 మంది ఉన్న ఏడో తరగతిలో, ఒక విద్యా సంవత్సరంలో నాలుగు యూనిట్లకు లెక్కల పీరియడ్‌లోనే వీళ్లకు వేరే పని పెట్టాం. విడిగా క్లాసు లేదు, అదనంగా టీచరు లేరు, ఖర్చు జిరాక్సులకు అయినంతే. ఏ పని ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ చెడిపోతుందో, ఎందుకు చెడిపోతుందో రాస్తున్నాను.

మొదటి పని పిల్లల్ని గుర్తించడం. తప్పులు ఎక్కువ జరిగేది కూడా ఇక్కడే. మార్కుల జాబితా తీసి పైనుంచి ఐదుగుర్ని గీత గీసుకోవడం తేలిక, కానీ అలా దొరికేది చెప్పింది చెప్పినట్టు చేసే పిల్లలు. మనవైపు ఏకసంథాగ్రాహి అనే మాటకు ఎంతో గౌరవం ఉంది, అందుకే జ్ఞాపకశక్తినే ప్రతిభ అనుకుంటాం. ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లకూ, 17 ఎక్కం రాకపోయినా 17×6ని "ఇరవై ఆర్ల నూటిరవై, అందులోంచి పద్దెనిమిది తీసెయ్యి" అని చెప్పే పిల్లకూ తేడా ఉంది. మేం వెతికింది రెండో పిల్లని.

జూన్‌లో బడి తెరిచాక రెండు వారాలు పాఠం చెబుతూనే ఒక చిన్న పుస్తకంలో రాసుకున్నాం. ఎవరు ఎన్ని మార్కులు తెచ్చుకున్నారన్నది వదిలేసి, ఎవరు ఏం అడిగారో, ఎవరు మనం చెప్పని పద్ధతిలో చేశారో మాత్రమే రాశాం. నోటితో సరిగ్గా చెప్పి నోటు పుస్తకంలో సగం లెక్కలు వదిలేసేవాళ్ల పేర్లు ప్రత్యేకంగా రాసుకోవాలి. హోంవర్కు చేయనివాడు అనే ముద్ర కింద ఇలాంటి పిల్లలు ఏళ్ల తరబడి దాక్కుని ఉంటారు.

తర్వాత తరగతిలో అందరికీ చీటీలిచ్చి మూడు ప్రశ్నలు అడిగాం. కొత్త ఆట మొదలుపెడితే రూల్సు ఎవరు పెడతారు? ఏదైనా చెడిపోతే ఎవరు విప్పి చూస్తారు? లెక్క ఎవరికీ రాకపోతే ఎవర్ని అడుగుతారు? "మీలో తెలివైనవాళ్లు ఎవరు?" అని అడిగితే ఫస్టు ర్యాంకు పేరే 40 చీటీల్లో వస్తుంది. పనిని బట్టి అడిగితే ఎన్నడూ వినని పేర్లు బయటకొస్తాయి.

తల్లిదండ్రుల్ని పగలు రమ్మంటే కూలి పోతుంది. ఆదివారం సాయంత్రమో, ఊళ్లోకి పోయి రచ్చబండ దగ్గరో మాట్లాడాలి. అక్కడ కూడా "మీ పాప తెలివైందా?" అని అడగకూడదు. ఏమేం అడుగుతుంటుంది, దేని మీద గంటల తరబడి కూర్చుంటుంది అని అడగాలి. ఒక తల్లి చెప్పింది: "శానా అడుగుతాది సార్. బాయిలో నీళ్లు ఎండకాలం యాడికి పోతాయి, మళ్లా యాడ్నుంచి వస్తాయి అని. మాకేం తెల్సు, ఊరుకో అంటాం." ఆ అమ్మాయి మార్కుల్లో తరగతిలో పద్నాలుగో స్థానంలో ఉంది. ఈ రాతలో ముందుకు పోయేకొద్దీ మళ్లీ కనిపిస్తుంది.

ఆఖరున ఒక పరీక్ష. ఏడో తరగతి పేపరు పెడితే లాభం లేదు. అందులో 50కి 50 వచ్చిన నలుగురూ ఒకేలా కనిపిస్తారు. అక్కడ అయిపోయింది కొలబద్ద. పిల్లల ఎత్తు ఎంతో మనకింకా తెలియదు. అందుకని తొమ్మిదో తరగతి స్థాయిలో, సూత్రం తెలియకపోయినా ఆలోచిస్తే తేలే ఐదు లెక్కలిచ్చాం. గంట సమయం. జవాబు తప్పయినా దారి బాగుంటే గుర్తు పెట్టుకున్నాం. ప్రశ్నలు తెలుగులోనే ఇచ్చి, పక్కన నిలబడి చదివి వినిపించాం కూడా. మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఒక పేజీ తెలుగు అయినా, పిల్లవాడు తడబడింది లెక్క దగ్గరా భాష దగ్గరా అన్నది విడదీసి చూడకపోతే మోసపోతాం. ఆదోని వైపు కన్నడమో ఉర్దూనో ఇంటి భాషగా ఉన్న పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం.

ఐక్యూ పరీక్ష చేయించాలా అని చాలామంది అడుగుతారు. తరగతిలో వేరే పని ఇవ్వడానికి అది అవసరం లేదు. ఐక్యూ సగటు 100. 130 దాటితే ప్రతిభావంతులు అనే లెక్క ప్రకారం నూటికి ఇద్దరి కంటే కాస్త ఎక్కువమంది తేలతారు. అంటే 46 మందిలో ఒకరు. ఆ ఒక్కరి కోసం గీత గీసుకుని కూర్చుంటే మిగతావాళ్లు పోతారు. అమెరికాలో టెర్మన్ అనే మనస్తత్వవేత్త 1921లో మొదలుపెట్టిన పెద్ద అధ్యయనానికి పరీక్షించి, స్కోరు చాలలేదని తీసుకోని పిల్లల్లో విలియం షాక్లీ, లూయీ అల్వారెజ్ ఉన్నారు. ఇద్దరికీ తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అమెరికా విద్యా పరిశోధకుడు రెంజుల్లీ 1978లో చెప్పిన పద్ధతి బడికి బాగా పనికొస్తుంది. సగటు కంటే పైస్థాయి సామర్థ్యం, సృజన, పట్టుదల, ఈ మూడూ కలిసే చోట ప్రతిభ ఉంటుందంటాడు. అందుకే ఒక్కరిద్దర్ని కాకుండా తరగతిలో 15 నుంచి 20 శాతం మందిని చూపులో పెట్టుకోమంటాడు. మా లెక్కకు ఎనిమిది మంది వచ్చారు.

చదవడంలో, రాయడంలో ఇబ్బంది ఉండి, ఆలోచన మాత్రం చురుగ్గా ఉన్న పిల్లవాడు కనిపిస్తే అప్పుడు మాత్రం పరీక్ష చేయించాలి. ఆర్‌సీఐలో (భారత పునరావాస మండలి) నమోదైన క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకే పోవాలి. ఏ పరీక్ష వాడారని అడగండి. బినె-కామత్, మాలిన్ స్కేలు అనే ఐక్యూ పరీక్షలు మన దేశంలో ఇప్పటికీ వాడుతున్నారు గానీ వాటి ప్రమాణాలు, అంటే పిల్లల స్కోరును పోల్చి చూసే సగటులు, పాతవి. మాలిన్‌ది 1969 నాటిది. పాత ప్రమాణాలతో కొలిస్తే స్కోరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రావెన్స్ మాట్రిసెస్ అనే పరీక్షలో బొమ్మలే ఉంటాయి, భాష అడ్డురాదు, కానీ అది ఒక రకం ఆలోచననే కొలుస్తుంది. రిపోర్టులో మొత్తం స్కోరు ఒక్కటే చూడొద్దు. మాటల భాగానికీ చేతల భాగానికీ మధ్య తేడా ఎంత ఉందో చూడాలి. పెద్ద తేడా ఉంటే అసలు విషయం అక్కడుంది.

ఎనిమిది మంది పేర్లు ఎవరికీ చెప్పలేదు. జాబితా గోడకెక్కలేదు. ఎందుకంటే అసలు గుంపు యూనిట్‌కొకటి మారుతుంది. పూర్ణసంఖ్యల్లో ముందున్నవాడు జ్యామితిలో అందరితో పాటే ఉండొచ్చు. కాబట్టి ఈ పద్ధతి పెట్టిన ప్రతి యూనిట్‌కు ముందు తరగతి మొత్తానికీ ముందస్తు పరీక్ష పెట్టాం. యూనిట్ చివర అడిగే స్థాయిలోనే పది లెక్కలు, 30 నిమిషాలు. ఎనిమిది, ఆ పైన వచ్చినవాళ్లకు ఆ యూనిట్ కుదిస్తాం. ఆ పరీక్ష అందరికీ తెరిచి ఉండాలి, ఇది చాలా ముఖ్యం. "మా వోనికెందుకు ఈ లెక్కలియ్యరు సార్?" అని ఒక తండ్రి వచ్చి అడిగితే, పేపరు చూపించి, వచ్చే యూనిట్‌కు మళ్లీ రాయొచ్చని చెప్పగలిగాం. సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరపకోతకు వలసపోయి వచ్చిన పిల్లలకూ ఇదే మేలు చేసింది. రెండు నెలలు బడిలో లేని ఒక పిల్లవాడు తిరిగొచ్చిన వారంలోనే ముందస్తు పరీక్షలో ఎనిమిది చేశాడు. హాజరుపట్టీ చూసి తేల్చి ఉంటే అతణ్ణి వెనకబడినవాళ్లలో కూర్చోబెట్టేవాళ్లం.

కుదించడం అంటే వదిలేయడం కాదు. ఒక్కొక్కరికి అర ఠావు కాగితం మీద మూడు గళ్లు గీశాం. మొదటి గడిలో వచ్చినవి, రెండో గడిలో రానివి, మూడో గడిలో మిగిలిన సమయంలో చేసే పని. శాతాల యూనిట్‌కు ఒక కాగితం ఇలా ఉంది. మొదటి గడి: శాతం నుంచి భిన్నానికి, భిన్నం నుంచి శాతానికి మార్చడం, లాభనష్టాలు. రెండో గడి: బారువడ్డీ. దానికి నాలుగు పీరియడ్లు అందరితో కూర్చోవాలి, తేదీలతో సహా. మూడో గడి: మిగిలిన ఎనిమిది పీరియడ్లలో ధరల లెక్క. కింద పిల్ల సంతకం, మా సంతకం. రెండో గడి రాయకపోతే గుంతలు మిగిలిపోతాయి. బాగా చేసే పిల్లలకు కూడా మధ్యలో రానివి ఉంటాయి, వాళ్లు వాటిని ఒప్పుకోరు.

ఇక మూడో గడిలో ఏం పెట్టాలన్నదే అసలు కష్టం. ఎనిమిదో తరగతి పుస్తకం చేతికిస్తే పని తేలిక, కానీ వచ్చే ఏడాది మళ్లీ ఇదే సమస్య, ఇంకొంచెం పెద్దదై వస్తుంది. సూత్రాలు ముందుగా బట్టీ పట్టించే ఫౌండేషన్ పుస్తకాలతోనూ అదే చిక్కు. అందుకే అదే పాఠంలో లోతుకు పోయేలా ఇచ్చాం. పత్తికొండ టమోటా మార్కెట్టు మా పిల్లలందరికీ తెలుసు కాబట్టి అక్కడే మొదలుపెట్టాం.

పొద్దున టమోటా బాక్సు 200 రూపాయలు. మధ్యాహ్నానికి 20 శాతం పెరిగింది. ఎంత? 240. ఇది అందరికీ ఇచ్చాం. సాయంత్రానికి 20 శాతం తగ్గింది. 200 అవుతుందా? 192 ఎందుకయింది? ఇది తరగతిలో సగం మందికి. మూడో మెట్టు మాత్రం కుదించినవాళ్లకే. 240 నుంచి మళ్లీ 200కు రావాలంటే ఎంత శాతం తగ్గాలి? 10, 20, 30, 40, 50 శాతాలు పెంచి అంతే శాతం తగ్గిస్తే ప్రతిసారీ నష్టం ఎంత? ముందు తగ్గి తర్వాత పెరిగితే తేడా వస్తుందా?

పద్నాలుగో స్థానంలో ఉన్న ఆ అమ్మాయి మొదట చేసింది మాటల్లోనే. "పెరిగేటప్పుడు నూరుకి ఇరవై సార్. తగ్గేటప్పుడు నూటిరవైకి కదా ఇరవై శాతం, అందుకే ఎక్కువ పోతాది." తిరిగి 200కు రావాలంటే 40 తగ్గాలి, 240లో 40 అంటే ఆరో వంతు, పదహారున్నర కంటే కొంచెం ఎక్కువ అంది. కచ్చితంగా చెప్పమంటే 16⅔ అని తేల్చింది. రెండో రోజు పట్టిక వేసింది: 1, 4, 9, 16, 25. "ఇవి వర్గాలు సార్. కానీ పది వర్గం నూరు కదా, ఒకటెందుకొచ్చింది?" అని అడిగింది. మనకు ఇక్కడ నోరు దురద పెడుతుంది, (a+b)(a−b) అని బోర్డు మీద రాసేయాలనిపిస్తుంది. రాయలేదు. గళ్ల కాగితమిచ్చి, 100 గళ్ల భుజంతో చతురస్రం ఉంటే ఒక పక్క 20 పెంచి ఇంకో పక్క 20 తగ్గించి చూడమన్నాం. 120, 80. 10,000 గళ్లు 9,600 అయ్యాయి. పోయిన 400 గళ్లూ 20×20 చిన్న చతురస్రం. నూటికి లెక్కగడితే నాలుగు. మూడో రోజు బడిలోకి వస్తూనే చెప్పింది: "నూరు శాతం పెంచి నూరు శాతం తగ్గిస్తే ఏమీ మిగలదు సార్. నూరు వర్గాన్ని నూరుతో భాగిస్తే నూరే. సరిపోయింది." తన సూత్రాన్ని అది పడిపోతుందేమోనని చిట్టచివరి అంచున పరీక్షించుకుంది. తొమ్మిదో తరగతిలో కూడా చాలామంది పిల్లలకు ఈ అలవాటు ఉండదు.

ఇంకో పని ఎర్రగుడి అశోక శాసనం నుంచి తీసుకున్నాం. గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలో ఉన్న ఊరది. అక్కడి బండ మీది లఘు శాసనంలో కొంత భాగం ఒక పంక్తి ఎడమ నుంచి కుడికి, తర్వాతి పంక్తి కుడి నుంచి ఎడమకు పోతుంది. మడక దున్నేటప్పుడు ఎద్దులు చేని చివర తిరిగి వచ్చినట్టు. ఇదే పద్ధతిలో ఆరు నిలువు వరసల్లో అంకెలు రాయమన్నాం. 1 నుంచి 6 ఎడమ నుంచి, 7 నుంచి 12 కుడి నుంచి, అలా. 100 ఏ నిలువు వరసలో పడుతుంది? రాయకుండా చెప్పాలి. పన్నెండుకొకసారి మడక మొదటికొస్తుంది, 100ని 12తో భాగిస్తే 4 మిగులుతుంది, కాబట్టి నాలుగో వరస. 1000 కూడా నాలుగో వరసే, 10,000 కూడా. 10 మాత్రం మూడో వరస. ఎందుకలా? దీని మీద ఇద్దరు పిల్లలు మూడు పీరియడ్లు వాదించుకుని, 900 పన్నెండుతో నిశ్శేషంగా పోతుంది, 90 పోదు అని తేల్చారు. ఇంకొకడు లెక్క పక్కన పెట్టి, కుడి నుంచి ఎడమకు రాసేటప్పుడు అక్షరాలు కూడా తిప్పి రాశారా అని అడిగి, సోషల్ సార్ దగ్గరికి పోయాడు. అది కూడా మంచిదే. రాసుకున్నాం.

తరగతి నడిచే తీరు గురించి కొంత చెప్పాలి. ఒకవైపు 38 మందికి పాఠం చెబుతుంటే ఇటువైపు ఎనిమిది మంది చిక్కుకుని "సార్ సార్" అంటే రెండూ చెడతాయి. ముందే కట్టుబాటు పెట్టాం. చిక్కుకుంటే చిన్న అంకెలతో చెయ్యి, బొమ్మ గియ్యి, పక్కవాళ్లను అడుగు, అప్పటికీ తేలకపోతే చీటీ రాసి డబ్బాలో వెయ్యి. పీరియడ్ చివర ఐదు నిమిషాలు ఆ చీటీలకే. మొదటి వారం చీటీలు కుప్పలుగా వచ్చాయి, మూడో వారానికి రోజుకు రెండో మూడో. కూర్చునే చోటు చివరి బెంచీ కాకూడదు, కిటికీ పక్క వరస మేలు. చివర కూర్చోబెడితే శిక్ష వేసినట్టుంటుంది, గోల కూడా ఎక్కువవుతుంది.

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఒక పిల్లవాడి ఏడుపు. అయిదో తరగతి నుంచి ఒక్క లెక్క తప్పు పోనివాడు, మూడో మెట్టు మీద మొదటిసారి తేలకపోయేసరికి కాగితం చింపేసి బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు. మర్నాడు "నాకు మామూలు లెక్కలే ఇయ్యండి సార్" అన్నాడు. మెదడు పదిహేనేళ్ల లెక్క చేయగలిగినా, ఏడుపు పన్నెండేళ్లదే. అప్పటిదాకా బడి అతనికి కష్టమైన లెక్క ఒక్కటీ ఇవ్వలేదు కాబట్టి, కష్టమంటే ఏమిటో నేర్చుకునే అవకాశమే రాలేదు. ఇది మా తప్పు కూడా. మొదటి మెట్టు నుంచే తేలని లెక్కలు కలిపి ఇచ్చి ఉండాల్సింది. తర్వాత నుంచి ప్రతి పనిలో "పనిచేయని దారులు" అని ఒక పేజీ కేటాయించి, దానికి మార్కులిచ్చాం. ఆ పిల్లవాడి పేజీయే అందరికంటే నిండుగా తయారైంది.

పిల్లల్ని చిన్న సార్లుగా వాడుకోవడం గురించి కూడా చెప్పాలి. వారానికోసారి, తమంతట తాము ముందుకొస్తే పక్కవాళ్లకు చెప్పడం మంచిదే. రోజూ అదే పని చేయిస్తే వాళ్ల సమయాన్ని మనం వాడుకున్నట్టే. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టి ఒలింపియాడ్ లెక్కలు చేయించడమూ అంతే.

మార్కుల దగ్గర జాగ్రత్త కావాలి. కష్టమైన పని తీసుకున్నందుకు మార్కులు తగ్గితే, తర్వాతి యూనిట్‌లో ఏ పిల్లా ముందస్తు పరీక్ష సరిగ్గా రాయదు, కావాలనే తప్పులు చేస్తుంది. ముందస్తు పరీక్షలో వచ్చిన మార్కునే ఆ యూనిట్ మార్కుగా వేసి, మూడో గడి పనిని ప్రాజెక్టు కింద చూపించాం. ఒక్కటి మాత్రం వదలలేదు. ప్రతి యూనిట్‌లో రెండు లెక్కలకు పూర్తి సోపానాలు రాయాలి. మనసులో చేసి జవాబు మాత్రం రాసే అలవాటుతో పదో తరగతిలో మార్కులు పోగొట్టుకుంటారు.

తరగతి దాటించడం గురించి హెచ్‌ఎంతో మాట్లాడాం. విద్యాహక్కు చట్టం వయసుకు తగిన తరగతి అంటుంది. ఏడు నుంచి నేరుగా తొమ్మిదికి పంపడం కాగితాల్లోనే కాదు, పిల్లలకు స్నేహితుల పరంగా కూడా కష్టం. లెక్కలకు మాత్రం పై తరగతిలో కూర్చోబెట్టడం కుదురుతుంది. దానికి ఏడు, ఎనిమిది తరగతుల లెక్కల పీరియడ్లు ఒకే సమయంలో పడాలి. జూన్‌లో టైంటేబుల్ వేసేటప్పుడే అడిగి పెట్టించుకోవాలి, ఆగస్టులో అడిగితే ఎవరూ మార్చరు.

ముందున్న పరీక్షల గురించి తల్లిదండ్రులకు అప్పుడే చెప్పి పెట్టాం. నవోదయ ఆరో తరగతి పరీక్ష దాటిపోయినా, తొమ్మిదో తరగతిలో ఖాళీలకు పరీక్ష ఉంటుంది. మన జిల్లాలో నవోదయ బనవాసిలో ఉంది. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలు 90 ప్రశ్నలు, ఒక్కోదానికి 90 నిమిషాలు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, అందుకని ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోవాలి. లెక్కల మీద నిజంగా మనసున్నవాళ్లకు ఐఓక్యూఎం, అంటే మన దేశ గణిత ఒలింపియాడ్‌కు మొదటి మెట్టు పరీక్ష: మూడు గంటల్లో 30 లెక్కలు, జవాబులన్నీ 00 నుంచి 99 లోపు పూర్ణసంఖ్యలే. చేతిపనుల పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం. ఆలోచన ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 ఇస్తారు.

టీచరుకు ఇది ఎంత పని అంటే, ఒక యూనిట్‌కు ముందస్తు పరీక్ష, మూడు మెట్ల లెక్కలు తయారు చేయడానికి మూడు, నాలుగు గంటలు. ఏడాదంతా అన్ని యూనిట్లకూ మొదలుపెడితే దసరాకే వదిలేస్తాం. మేం మొదటి టర్ములో ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టి, ఏడాదికి నాలుగు చేశాం.

ఏప్రిల్‌లో మూడు గళ్ల కాగితాలన్నీ ఒక ఫైలులో కుట్టి ఎనిమిదో తరగతి లెక్కల టీచరుకు ఇచ్చాం. ఒక్కో పిల్ల కాగితం వెనక మూడు వాక్యాలు: ఏది ఇస్తే వదలకుండా కూర్చుంటుంది, ఏ చోట తడబడుతుంది, తేలకపోతే ఏం చేస్తుంది. కాగితం చింపి ఏడ్చిన పిల్లవాడి వెనక రాసింది ఇది: "తేలని లెక్క జూన్ మొదటి వారంలోనే ఇవ్వండి."